టవర్ మీద జనం మాట: దామగుండం నుంచి బంట్వారం దాకా

(భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం స్మృతికి అంకితమైన ఉపన్యాసం)

2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా వేదిక మీద ఉన్నారు. సముద్రం ఎక్కడ, వికారాబాద్ ఎక్కడ! అయినా అక్కడ లేవబోయేది నౌకాదళం వారి స్టేషన్. నీటి అడుగున తిరిగే జలాంతర్గాములకు సందేశాలు పంపే వెరీ లో ఫ్రీక్వెన్సీ కేంద్రం. ఇలాంటివాటిలో దేశానికి ఇది రెండోది. మొదటిది తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలోని ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్, 1990 నుంచి పనిచేస్తోంది. దామగుండంలో ఈ పనికి ఇచ్చిన అటవీ భూమి 1,174 హెక్టార్లు. మన లెక్కలో సుమారు 2,900 ఎకరాలు.

ఆ రోజుకు ముందు నెలల్లో జిల్లాలో రెండు రకాల మాటలు నడిచాయి. ఒకటి: అడవి పోతది, వానకు మట్టి కొట్టుకపోతది, మూసీ తల్లివేరు ఎండిపోతది. రెండోది: రేడియేషన్ వస్తది, క్యాన్సర్లొస్తయి, పిట్టలు చస్తయి. పత్రికల్లో మొదటి మాటకు చోటు దొరికింది. టీ కొట్ల దగ్గర, బస్సుల్లో, ఫోన్లలో మాత్రం రెండోదే ముందు పరుగెత్తింది. పేరు కూడా దానికి తోడైంది. జనమంతా ‘రాడార్ స్టేషన్’ అన్నారు. రాడార్ అలను పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. దామగుండం స్టేషన్ పంపడమే తప్ప తిరిగి వినదు.

జిల్లాకు అటు కొసన బంట్వారం ఉంది. కంది, పత్తి పండించే నేల. ఇలాంటి మండలంలో సెల్ టవర్ మీద జనాభిప్రాయం ఏమిటని అడిగితే ఒక్క జవాబు రాదు. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం నెట్‌వర్క్ లేక తిరుగుతూ ఉంటే బియ్యం సంచి పట్టుకున్న ముసలమ్మ కంపెనీని తిడుతుంది. ఉపాధి హామీ కూలీల హాజరును 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫోటోతో యాప్‌లో ఎక్కించాలన్న నియమం వచ్చింది. పని మట్టిలో, హాజరు మబ్బుల్లో. భూమి రికార్డు 2020 అక్టోబరులో ధరణిలోకి వెళ్లింది, 2025లో భూభారతి అయింది. పట్టా ఎక్కడుందన్నా, రైతు డబ్బు పడిందా అన్నా ముందు సిగ్నల్ కావాలి. కాబట్టి టవర్ కావాలి. ఆ టవర్ పక్కింటి మేడ మీదికి వస్తుందంటే మాత్రం అదే మనిషి దరఖాస్తు పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోతాడు. పట్నంలో కూర్చుని దీన్ని మూఢత్వం అనడం తేలిక. పట్నం అపార్టుమెంట్ల సంఘాలు రాసే దరఖాస్తుల్లో మాత్రం ఇంతకంటే గొప్ప విజ్ఞానం ఏముంది?

ఈ భయాన్ని భౌతికశాస్త్రం ముందు పెట్టి చూడాలి. అందుకు సూరి భగవంతాన్ని మించిన సాక్షి తెలుగువాళ్లలో దొరకడు. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరాడు. కాంతి కణానికి ‘స్పిన్’ ఉందని 1930ల మొదట్లో రామన్‌తో కలిసి ప్రయోగంతో చూపాడు. తర్వాత ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్‌సీకి డైరెక్టర్, 1960లలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. కాంతి కణాన్నీ సైన్యం అవసరాలనూ రెంటినీ దగ్గరగా చూసిన మనిషి.

ఆ కాంతి కణం దగ్గరే అసలు లెక్క మొదలవుతుంది. విద్యుదయస్కాంత తరంగం శక్తిని చిన్నచిన్న పొట్లాలుగా మోస్తుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ పొట్లం బరువు పెరుగుతుంది. ఒంట్లోని అణువుల బంధాన్ని తెంచి, డీఎన్‌ఏను నేరుగా దెబ్బతీయాలంటే ఒక్కో పొట్లానికీ ఆ బలం ఉండాలి. అతినీలలోహిత కిరణాల్లో పైవాటికి, ఎక్స్‌రేకు, గామాకు ఆ బలం ఉంది. తిరునెల్వేలి స్టేషన్ వాడేది సుమారు 18 కిలోహెర్ట్జ్. దాని పొట్లం మనం రోజూ చూసే వెలుగు పొట్లంలో మూడు వేల కోట్లవ వంతు. 900 మెగాహెర్ట్జ్ సెల్ టవర్‌ది ఆరు లక్షలవ వంతు. పిడికెడు ఇసుకను ఎన్నిసార్లు విసిరినా కిటికీ అద్దం పగలదు, రాయి ఒక్కటి చాలు, తేడా అక్కడుంది.

అలాగని ‘ఏమీ కాదు’ అని చేతులు దులుపుకోవడానికి లేదు. ఎక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగం తగినంత బలంగా తాకితే కణజాలం వేడెక్కుతుంది. దామగుండం తరహా తక్కువ పౌనఃపున్యంలో చూసుకోవాల్సింది వేరు. బలమైన క్షేత్రం దగ్గర ఒంట్లో సన్నని విద్యుత్ పుట్టి నరాలను తట్టవచ్చు. ఆంటెన్నాకు దగ్గరున్న ఇనుప కంచెను ముట్టుకుంటే చిన్న షాక్ కొట్టవచ్చు. అందుకే అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్‌ఐఆర్‌పీ 2010 మార్గదర్శకాలు ఈ పౌనఃపున్యాల్లో సామాన్య జనానికి మీటరుకు 83 వోల్టులు అన్న హద్దు పెట్టాయి. దూరం పెరిగేకొద్దీ క్షేత్రం పడిపోతుంది కాబట్టి స్టేషన్‌కు అంత పెద్ద ఆవరణ పెట్టుకుంటారు. 18 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క అల పొడవే పదహారు కిలోమీటర్ల పైమాట. ఆంటెన్నా స్తంభాలు ఆకాశాన్ని అంటేది అందుకే. ఆ తరంగం ఉప్పునీటిలోకి పది, ఇరవై మీటర్లు దిగుతుంది. సెకనుకు మోసేది కొన్ని వందల బిట్లే. జనం ఊహించుకున్న రాక్షసయంత్రం ఒక మంచి ఫోటోను కూడా తొందరగా పంపలేదు.

సెల్ టవర్ సంగతికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2011 మేలో రేడియో తరంగాలను ‘2బి’ వర్గంలో చేర్చింది. అంటే క్యాన్సర్‌కు కారణం కావచ్చేమో, రుజువు మాత్రం పలచన. వాట్సాప్‌లో తిరిగింది ‘క్యాన్సర్’ అన్న ఒక్క ముక్కే. అదే వర్గంలో ఆసియా సంప్రదాయ ఊరగాయ కూరగాయలూ ఉన్నాయి. (మన ఆవకాయ ప్రియులు కంగారుపడనక్కర్లేదు, ఆ పరిశీలన తూర్పు ఆసియా వాళ్ల ఊరబెట్టే పద్ధతుల మీద జరిగింది.) 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 63 పరిశోధనలను జల్లెడ పట్టి, మొబైల్ ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ లంకె కనబడలేదని తేల్చింది.

మన దేశం ఆగింది కూడా అంతర్జాతీయ హద్దు దగ్గర కాదు. 2012 సెప్టెంబరు 1 నుంచి దాన్ని పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ టవర్‌కు చదరపు మీటరుకు 0.45 వాట్లు. మిట్టమధ్యాహ్నం తాండూరు ఎండలో నిలబడిన మనిషి మీద పడేది వెయ్యి వాట్ల దాకా ఉంటుంది. ఇంకో విచిత్రం ఉంది. ఒంటికి ఎక్కువ తగిలేది దూరపు టవర్ తరంగం కాదు, చెవికి ఆనించిన ఫోన్‌ది. సిగ్నల్ బలహీనమైతే ఫోన్ తన శక్తిని పెంచి అరుస్తుంది. టవర్‌ను ఊరవతలికి తరిమినవాళ్లు తమ చెవి దగ్గరి మోతాదును తామే పెంచుకుంటున్నారు.

ఇంత సమాచారం ఉండగా భయం ఎందుకు పోదు? ఈ ఉపన్యాసకుడి జవాబు ఒకటే: జనం రేడియేషన్ అని అంటున్నది సగం రేడియేషన్ గురించి, మిగతా సగం తమను ఎవరూ అడగలేదన్న సంగతి గురించి.

నియమాలే చూడండి. 2022 ఆగస్టులో కేంద్రం మార్చిన నియమాల ప్రకారం ప్రైవేటు స్థలంలో టవర్‌కు అధికారుల అనుమతి అక్కర్లేకపోయింది. ముందుగా ఒక సమాచారం, కట్టడం బలంగా ఉందని ఇంజనీరు ధ్రువపత్రం ఉంటే సరిపోయింది. స్థలం ఇచ్చినవాడికి అద్దె వస్తుంది. పక్కింటివాడికి ఇనుప కమ్మీలు లారీ దిగినప్పుడు తెలుస్తుంది. 2006 పర్యావరణ ప్రభావ ప్రకటనలో దేశ రక్షణకు సంబంధించిన ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. రక్షణ రహస్యాలు అవసరమే. కానీ అడవి గురించి, వాగు గురించి, గుడి దారి గురించి అడిగే చోటు లేకపోతే మనిషి ‘ఆరోగ్యం’ అన్న తలుపు తడతాడు, ఎవరూ కాదనలేరు కనుక.

ఇంటర్నెట్ విధానంలో అడిగే చోటు ఉన్నప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. 2015లో నెట్ న్యూట్రాలిటీ (ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడడం) మీద టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు కోరితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వెబ్‌సైటుకో ధర పెట్టడాన్ని నిషేధించింది, కొన్ని సైట్లనే ఉచితంగా ఇచ్చే ఫేస్‌బుక్ పథకం ఫ్రీ బేసిక్స్ వెనక్కి పోయింది. రాసినవాళ్లలో బంట్వారం రైతులు దాదాపు ఉండి ఉండరు, ఆ ఉత్తరాలు ఇంగ్లిష్‌లో నడిచాయి. అయినా అడిగే కిటికీ ఒకటి తెరిచి ఉంది.

కోర్టులు ఈ ఖాళీని సరిగ్గా నింపలేకపోయాయి. 2017లో గ్వాలియర్‌లో ఒక ఇంటి పనివాడు తన క్యాన్సర్‌కు పక్కనున్న టవరే కారణమన్నాడు. సుప్రీంకోర్టు ఆ టవర్‌ను ఆపించింది. ఆ ఆదేశం వైద్యపరమైన రుజువు కాదు. కానీ అప్పటినుంచి ప్రతి దరఖాస్తులోనూ అదే రుజువుగా కూర్చుంది. 2021లో 5జీకి వ్యతిరేకంగా వెళ్లిన నటి జూహీ చావ్లాకు ఢిల్లీ హైకోర్టు ఇరవై లక్షలు జరిమానా వేసింది, మరుసటి ఏడు దాన్ని రెండు లక్షలకు తగ్గించారు. ఒకచోట వరం, ఒకచోట చీవాటు. కొలత గురించి జనానికి రెండుచోట్లా తెలిసింది తక్కువే.

ఈలోపు జిల్లాలో అసలు ప్రమాదాలు కళ్లెదుటే ఉన్నాయి. తాండూరు నాపరాయిని కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు లేచే ధూళి, సిమెంటు లారీల వెనక లేచే దుమ్ము ఎవరికీ కనబడనివి కావు. రాతి ధూళిలో ఉండే స్ఫటిక సిలికాను ఐఏఆర్‌సీ ఎప్పుడో ఒకటో వర్గంలో పెట్టింది, అంటే రుజువైన క్యాన్సర్ కారకం. 2013లో బయటి గాలి కాలుష్యాన్నీ అదే వర్గంలో చేర్చింది. నిజాం కాలంలో క్షయ రోగులను గాలి మార్పు కోసం పంపిన అనంతగిరి, రాతి పని చేసేవాళ్ల ఊపిరితిత్తులు గట్టిపడే తాండూరు, రెండూ ఒకే జిల్లాలో ఉన్నాయి. టవర్ వద్దని ధర్నా అవుతుంది. కట్టింగ్ మిషన్ దగ్గర నీళ్లు చల్లమని, మాస్కు ఇవ్వమని ధర్నా మాత్రం అరుదు. దుమ్ములో కూలి ఉంది మరి.

ఫోన్ నిజంగా మనుషుల్ని చంపిన సందర్భాలూ ఉన్నాయి, తరంగాలతో కాదు. 2018 జూలై 13న జహీరాబాద్ అవతల, కర్ణాటక బీదర్ జిల్లా ముర్కిలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజనీరును పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని జనం కొట్టి చంపారు. వాట్సాప్ పుకారే మూలం. వారం తిరగకముందే ఆ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా హద్దు ప్రకటించింది. ఆ ఏడాది వేసవిలో గద్వాలలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లలోకి పంపి, పాటలతో, డప్పుతో పుకార్లకు విరుగుడు చెప్పించారు. 2020 డిసెంబరులో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వరసగా వచ్చాయి. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాల మార్గదర్శకాలు 2022 సెప్టెంబరుకు గాని రాలేదు. వీటిని ఎవరూ ‘ఆరోగ్య సమస్య’ కింద రాయలేదు.

కొలత మాత్రం అందని పండు కాదు. 2017 మేలో టెలికం శాఖ తెరిచిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఏ ఊరి టవర్ హద్దులో ఉందో చూడవచ్చు. నాలుగు వేల రూపాయలు కడితే సిబ్బంది వచ్చి, అడిగిన చోట పరికరంతో కొలిచి కాగితం ఇస్తారు. ఒక ఇంటికి నాలుగు వేలు ఎక్కువే, గ్రామపంచాయతీకి కాదు. ఆ కాగితాన్ని తెలుగులో రాసి పంచాయతీ బోర్డు మీద అంటిస్తే, తర్వాతి గ్రామసభలో వాదన కనీసం ఒక అంకె చుట్టూ తిరుగుతుంది.

దామగుండంలో ఇంకాస్త పెద్ద పని ఉంది. స్టేషన్ 2027లో పూర్తవుతుందని శంకుస్థాపన నాడు చెప్పారు. తరంగం మొదలవకముందే చుట్టూ ఊళ్లలో క్షేత్రం ఎంతుందో, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో, ఏడాదికి ఎన్ని క్యాన్సర్ కేసులు బయటపడుతున్నాయో రాసి పెట్టుకోవాలి. మొదలయ్యాక పదేళ్లకు ఎవరైనా ‘కేసులు పెరిగినయి’ అంటే, పక్కన పెట్టి చూడడానికి పాత లెక్క ఉండాలి కదా. ఆ పని నౌకాదళం చేసినదైతే జనం నమ్మరు, ఉద్యమకారులు చేసినదైతే సర్కారు నమ్మదు. 2023లో వికారాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అక్కడి కమ్యూనిటీ మెడిసిన్ విభాగం విద్యార్థులు ఎలాగూ సర్వే నేర్చుకోవాలి. పూడూరు మండలం ఊళ్లు వాళ్లకు బస్సు దూరంలోనే ఉన్నాయి.