పరిహారమునకు పరిమితి యుండవలెనా?

సరియైన కారణము లేకయే ఒక ఉద్యోగిని యజమాని తొలగించినాడనుకొందము. ఆ తొలగింపు అన్యాయమని న్యాయస్థానము తేల్చినది. ఇక అతనికి ఎంత సొమ్ము ఇప్పింపవలెను? ఆ నిర్ణయమును న్యాయాధిపతి విచక్షణకు విడువవలెనా, లేక చట్టమే ముందుగా హద్దు గీయవలెనా? ఈ ప్రశ్నపై ఫ్రాన్సు దేశమున పెద్ద వివాదము చెలరేగినది. దానిని మనము కొంత పరిశీలింతము.

ఫ్రాన్సులో ఇట్టి తగవులను ప్రూదోమ్ అను న్యాయమండలులు విచారించును. వానిలో యజమానుల ప్రతినిధులును, ఉద్యోగుల ప్రతినిధులును సమసంఖ్యలో నుందురు. పూర్వము, 11 మందికి తక్కువ కాని సంస్థలో రెండేండ్లు పనిచేసినవానికి కనీసము 6 నెలల జీతము లభించెడిది. పై హద్దు లేకుండెను. 2017 సెప్టెంబరులో అధ్యక్షుడు మాక్రోన్ ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా ఈ పద్ధతిని మార్చినది. రెండేండ్లు పనిచేసినవానికి 3 నెలలు మొదలు మూడున్నర నెలల జీతము; పదేండ్లవానికి హెచ్చుగా 10 నెలలు; ముప్పది యేండ్లు దాటినను 20 నెలలకు మించదు. వేధింపు, వివక్ష వంటివి కారణములైనచో మాత్రము ఈ పై హద్దు వర్తింపదు.

యజమానుల వాదము సులభముగనే బోధపడును. నలుగురైదుగురితో నడచు చిన్న దుకాణదారునకు, ఒక్క తీర్పుతో ఎంత భారము పైబడునో తెలియనిచో, కొత్తవానిని పనిలో చేర్చుకొనుటకే వెనుకాడును. ఒకే విధమగు తగవునకు ఊరికొక తీర్పు వచ్చుటయు న్యాయము కాదు.

ఉద్యోగుల వాదమును తేలికగా త్రోసివేయరానిదే. చట్టమును అతిక్రమించుటకు వెల ఇంతయని ముందే తెలిసినచో, ధనవంతుడగు యజమాని దానిని ఖర్చులలో నొకటిగా వ్రాసికొనును. అంతియేగాక, రెండేండ్ల సర్వీసు గల ఇరువదియైదేండ్ల యువకునకు మరునెలలోనే వేరొక కొలువు దొరకవచ్చును. అంతే సర్వీసు గల యేబదియైదేండ్ల సంసారికి మరల దొరకకనే పోవచ్చును. ఇరువురి నష్టము ఒకటి కాదు. పట్టికలో మాత్రము ఒకటే.

2018 డిసెంబరులో త్రువా పట్టణపు న్యాయమండలి ఈ పట్టికను పాటింప నిరాకరించినది. అంతర్జాతీయ కార్మిక సంస్థవారి 158వ ఒడంబడిక ‘తగినంత’ పరిహారము కోరుచున్నదనియు, ఈ పట్టిక దానికి విరుద్ధమనియు పలికినది. కాని 2022 మే 11న ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానము పట్టిక చెల్లునని, దానిని ఒక్కొక్క కేసులో ప్రక్కకు నెట్టుటకు వీలులేదని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే యూరోపియను సాంఘిక హక్కుల సమితి అందుకు భిన్నమైన అభిప్రాయము వెలిబుచ్చెను.

ఇటలీ మరియొక దారి చూపినది. అచ్చటి 2015 చట్టము సర్వీసులోని ఒక్కొక్క యేటికి రెండు నెలల జీతమని లెక్క కట్టినది. 2018లో రాజ్యాంగ న్యాయస్థానము పై హద్దును కాదనలేదు. సర్వీసు ఒక్కటే కొలబద్దగా నుండరాదన్నది. ఉద్యోగుల సంఖ్య, సంస్థ స్థాయి, ఉభయుల నడవడి కూడ న్యాయాధిపతి చూడవలెనని నిర్దేశించినది.

పరిహారమునకు రెండు పనులు గలవు: నష్టపోయినవానిని ఆదుకొనుట, తప్పుచేయబోవువానిని వెనుకకు లాగుట. హద్దు ఉండుట దోషము కాదు. కాని 3 నెలలకును మూడున్నర నెలలకును నడుమ, మనుష్యుని కష్టమును తూచుటకు న్యాయాధిపతికి చోటెక్కడ? హద్దు గీయునపుడు ఆ చోటును మిగిల్చిన చట్టమే ఉభయులకును మేలు చేయునని మనము తలంపవచ్చును.