రెండు సీట్లూ ఒక్కరికే: ఫర్మానా - టైరోన్ కథ
(వేదిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బైలాస్ సవరణ గురించి మాట్లాడమంటే ఇతను ఐర్లండ్ చరిత్ర ఎత్తుకున్నాడేమిటని మీకు అనిపించవచ్చు. నేను బెల్‌ఫాస్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడి నుంచి పడమటికి కారులో పోతే టైరోన్, అది దాటితే ఫర్మానా కౌంటీలు వస్తాయి. 1922 నుంచి 1950 దాకా ఈ రెండూ కలిపి ఒకే పార్లమెంటు నియోజకవర్గం. బ్రిటిష్ పార్లమెంటుకు అక్కడి నుంచి ఇద్దరు ఎంపీలు వెళ్లాలి. ఇరవై ఎనిమిదేళ్లకే అంతరించిన ఆ నియోజకవర్గంలో మన గొడవంతా ఉంది.

1920 చట్టం ఐర్లండ్‌ను రెండుగా చీల్చింది. ఉత్తర భాగానికి బ్రిటిష్ పార్లమెంటులో మిగిలినవి 13 సీట్లు. అందులో రెండు ఇక్కడివి. 1911 జనాభా లెక్కల ప్రకారం ఈ రెండు కౌంటీల్లోనూ కాథలిక్కులు దాదాపు 55 శాతం. వాళ్లలో ఎక్కువ మంది ఐర్లండ్‌తో కలవాలనే జాతీయవాదులు. మిగతా వాళ్లలో ఎక్కువ మంది బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు. మొత్తం ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం యూనియనిస్టులదే మెజారిటీ. ఇష్టం లేని రాష్ట్రంలో, సొంత జిల్లాలో మెజారిటీగా ఉండటం ఎలా ఉంటుందో మన వాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఓటు పద్ధతి. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకరికే వేయకూడదు. లెక్క సులభం. వంద మందిలో 55 మంది ఒక పక్క, 45 మంది ఇంకో పక్క ఉన్నారనుకోండి. మొదటి పక్షం అభ్యర్థులిద్దరికీ చెరి 55, రెండో పక్షం ఇద్దరికీ చెరి 45. రెండు సీట్లూ మొదటి పక్షానివే. 45 మందికి సున్నా.

1922లో జాతీయవాదులు హార్బిసన్, కాహిర్ హీలీ ఇద్దరూ గెలిచారు. అప్పటికి హీలీ విచారణ లేకుండా ఆర్జెంటా అనే జైలు ఓడలో నిర్బంధంలో ఉన్నాడు. 1924లో వాళ్లు పోటీ చేయలేదు, సిన్ ఫెయిన్ నిలబడింది. జాతీయవాదుల ఓటు కూడగట్టుకోలేకపోయింది. రెండు సీట్లూ యూనియనిస్టులు ఫాల్స్, ప్రింగిల్‌లకు పోయాయి. రెండేళ్లలో జనం మారలేదు, పూర్తి ప్రాతినిధ్యం మాత్రం ఒకరి నుంచి ఇంకొకరికి మారింది. 1929లో డెవ్లిన్, హార్బిసన్‌లకు పోటీయే లేదు. 1935లో గెలిచిన కన్నింగ్‌హామ్, మల్వీ సభకు వెళ్లబోమని చెప్పే నిలబడ్డారు. 1945 ఎన్నికల తర్వాత గాని సభ బాట పట్టలేదు. అంటే ఆ పదేళ్లూ ఓడినవాడికి ఎంపీ లేడు, గెలిచినవాడికీ సభలో గొంతు లేదు!

ఇది ఐరిష్ వాళ్ల తలనొప్పి అనుకోకండి. మన పార్వతీపురం 1957లో ఇద్దరు సభ్యుల లోక్‌సభ నియోజకవర్గమే, ఒక సీటు గిరిజనులకు రిజర్వు. రిజర్వు సీటు బిడ్డిక సత్యనారాయణకు, జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థి సూరి దొరకు వచ్చింది. ఓడింది వి.వి. గిరి. తర్వాత రాష్ట్రపతి అయిన గిరిగారే. ఆయన కోర్టుకెక్కితే 1959లో సుప్రీంకోర్టు దొర గెలుపునే ఖాయం చేసింది. అది న్యాయమైన తీర్పే అని నా అభిప్రాయం, ఎక్కువ ఓట్లు దొరవే. 1961లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే తీసేశారు. బ్రిటన్ అంతకు ముందే, 1948 చట్టంతో వదిలించుకుంది.

మరి పరదేశంలో మన తెలుగు సంఘాలు ఇంకా ఎందుకు పట్టుకుని వేలాడుతున్నాయి? తొమ్మిది పదవులు, ఓటరుకు తొమ్మిది ఓట్లు, రెండు ప్యానెళ్లు. 51 శాతం వచ్చిన ప్యానెల్ తొమ్మిదీ ఊడ్చుకుపోతుంది. 49 శాతం వాళ్లు మరుసటి ఉగాదికి వేరే హాలు బుక్ చేసుకుంటారు. నేను ఇదివరకు సభ్యుడిగా ఉన్న ఒక సంఘం సరిగ్గా ఇలాగే రెండయింది. మనుషుల్ని, కులాల్ని తిట్టుకున్నాం గాని బ్యాలెట్ కాగితం వైపు ఎవరూ చూడలేదు.

ఇప్పుడు ఉత్తర ఐర్లండ్ అసెంబ్లీకి ఒక్కో నియోజకవర్గం నుంచి ఐదుగురు. ఓటరు ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్యలు వేస్తాడు. ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారికి సీటు ఖాయం. మన ఎమ్మెల్యేలు రాజ్యసభకు వేసేదీ ఈ రకం ఓటే. తొమ్మిది పదవులకైతే పదో వంతు దాటితే చాలు. లెక్కింపు కష్టమంటారేమో, గదిలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లమే కదా!

సవరణ నాలుగో క్లాజు ఇదే. ఆమోదానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ముసాయిదా ప్రతులు వెనక బల్ల మీద, ఫలహారాల పక్కన ఉన్నాయి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.