తాడోబా అడవిలో ఒక వేసవి ఉదయం



వేసవి సెలవులు వచ్చాయంటే ఇంటికి చుట్టాలు రావడం, పిల్లలతో ఇల్లు కళకళలాడటం మనకు అలవాటే. అయితే చంద్రపూర్, బల్లార్షా ప్రాంతంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఒక చిక్కుంది. ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలు సంగతి. అందుకే మన చుట్టాలు చలికాలంలో వస్తామంటారు కానీ ఎండాకాలంలో వస్తామనరు. గత వేసవిలో మా చెల్లెలు హైదరాబాదు నుంచి పిల్లలతో వచ్చింది. వచ్చిన రెండో రోజే మా మేనల్లుడు, "మామయ్యా, మీ ఊళ్లో బొగ్గు గనులు, ఎండ తప్ప ఇంకేముంది?" అని అడిగాడు. దానికి జవాబుగానే మేము తాడోబా ప్రయాణం పెట్టుకున్నాం.

మా అమ్మకు 74 ఏళ్లు. ఆమె పుట్టిల్లు పాత ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న చిన్న పల్లె. మా నాన్నకు ఇక్కడి బొగ్గు గనిలో పని దొరికితే, ఆయన వెంట రైలెక్కి, వార్ధా నది వంతెన దాటి బల్లార్షా వచ్చింది. తాడోబా మాట ఎత్తగానే ఆమె ముఖం మారిపోయింది. "పైసలిచ్చి పులిని సూడవోతరా? మీరు పోండ్రి. నేను రాను" అంది. వయసు వల్ల అలా అంటోందని నేను అనుకున్నాను. "అమ్మమ్మా, నువ్వు రాకపోతే నేనూ పోను" అని మేనకోడలు మొండికేస్తే చివరికి ఒప్పుకుంది.

తాడోబా గురించి నాలుగు మాటలు చెప్పాలి. మహారాష్ట్రలోని అతి పాత జాతీయ ఉద్యానం ఇదే. 1955లో ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 116 చదరపు కిలోమీటర్లు. దానికి ఆనుకొని 1986లో అంధారి అభయారణ్యం ఏర్పడింది. అంధారి అనేది ఈ అడవిలో పారే నది పేరు. 1995లో ఈ రెండూ కలిసి తాడోబా–అంధారి పులుల సంరక్షణ కేంద్రం అయింది. రెండూ కలిపితే సుమారు 625 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ పల్లెలు, పొలాలు ఉన్న బఫర్ ప్రాంతం ఉంది. వానాకాలంలో లోపలి అడవిని మూసేస్తారు. మంగళవారం సెలవు. వెళ్లదలచిన వారు ముందుగానే అనుమతి తీసుకోవాలి. మొబైల్ ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. మా మేనల్లుడికి ఇదొక్కటే నచ్చలేదు.

తెల్లవారకముందే మొహర్లీ గేటు చేరుకున్నాం. నేను, నా భార్య, అమ్మ, చెల్లెలు, ఇద్దరు పిల్లలు. ఆరుగురం పైకప్పు లేని జిప్సీలో ఎక్కాం. ముందు సీట్లో డ్రైవరు, గైడు. గైడు పక్క పల్లెకు చెందిన గోండు యువకుడు.

వేసవిలో అడవి పచ్చగా ఉండదు. టేకు ఆకులన్నీ రాలి నేలమీద అప్పడాల్లా ఎండిపోయి ఉన్నాయి. వెదురు పసుపుబారింది. ఆకు లేకుండా తెల్లగా మెరిసే తపసి చెట్లను చూసి పిల్లలు జడుసుకున్నారు. మొసలి తోలులా పగుళ్లు తేలిన నల్లమద్ది బెరడును గైడు చూపించాడు. మా అమ్మ మాత్రం ఒక్కొక్క చెట్టునూ చుట్టాన్ని పలకరించినట్టు పేరుపెట్టి పిలిచింది. ఇది ఇప్ప, ఇది తునికి, అది మోదుగ. పిల్లలు నోరు తెరిచి విన్నారు. ఇంట్లో ఉన్న వృక్షశాస్త్రం మాకు ఇన్నాళ్లూ తెలియలేదు!

చూడటానికి మోడుగా ఉన్నా, జంతువులను చూడాలంటే వేసవే మంచిది. ఆకు రాలడంతో దూరం కనిపిస్తుంది. నీళ్లు కొన్ని చోట్లే మిగలడంతో జంతువులన్నీ అక్కడికే వస్తాయి. ఆ గుంటలు ఎండిపోకుండా కొన్ని చోట్ల సౌరశక్తితో నడిచే పంపులు పెట్టారు. దుప్పులు, కణుతులు, అడవిదున్నలు, ఒక రేచుకుక్కల గుంపు మాకు కనిపించాయి. తాడోబా చెరువులో మొసళ్లున్నాయి. ఒకటి గట్టుమీద కొయ్యదుంగలా పడి ఉంది.

ఆ చెరువు దగ్గరే బండి ఆపి గైడు ఒక కథ చెప్పాడు. పూర్వం ఇక్కడ తారు అనే గోండు పెద్ద ఉండేవాడట. పులితో పోరాడి ప్రాణం విడిచాడట. ఆయననే దేవుడిగా కొలిచారు. చెరువు గట్టున చెట్టు కింద ఆయన గుడి ఉంది. తాడోబా అన్న పేరు ఆయన పేరు మీదుగానే వచ్చిందంటారు. పుష్యమాసంలో ఆదివాసులు ఇక్కడ జాతర చేసుకునే ఆచారం ఉంది.

గైడు మరాఠీలో చెప్పిందంతా అమ్మ శ్రద్ధగా విన్నది. తర్వాత మెల్లగా అంది: "పులి చేతుల పోయినోన్ని దేవున్ని చేసుకున్నరు. మా అక్కకు ఒక రాయి సుత లేదు."

బండిలో ఎవరూ మాట్లాడలేదు. మా పెద్దమ్మ చిన్నతనంలోనే పోయిందని నాకు తెలుసు. ఎలా పోయిందో ఇంట్లో ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు అమ్మ చెప్పింది. ఒక ఎండాకాలం అక్కచెల్లెళ్లిద్దరూ తునికాకు తెంపడానికి పోయారు. అక్క వంగి ఆకు తెంపుతోంది. చెల్లెలు నీళ్ల కుండ దగ్గరికి వెళ్లి తిరిగొచ్చేసరికి అక్క లేదు. ఆకుల మూట మాత్రం అక్కడే ఉంది. అప్పుడు అమ్మకు పన్నెండేళ్లు. చెప్పినంతసేపూ ఆమె గొంతు వణకలేదు. నా చెల్లెలే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇంక వెనక్కి పోదామా అని అడిగాను. "వచ్చినంక సూసే పోదాం" అంది అమ్మ.

మరో అరగంటకు కొండముచ్చు అరుపు వినిపించింది. వెంటనే కణితి పిలుపు. గైడు వేలెత్తి ఊరుకోమన్నాడు. మలుపు తిరిగితే నీటిగుంటలో ఆడపులి వీపు దాకా మునిగి కూర్చుంది. మండే ఎండకు పులులు అలాగే నీళ్లలో సేదదీరుతాయి. క్షణాల్లో ఇంకో నాలుగైదు బండ్లు వచ్చి దారి పొడవునా నిలిచాయి. అందరికీ దగ్గరగా చూడాలన్న ఆరాటమే. పులి నీళ్లలోంచి లేచి దారి దాటబోయింది. ఎదురుగా బండ్లు. ఆగింది. మళ్లీ ప్రయత్నించింది. దారి లేదు.

అప్పుడు మా మేనకోడలు డ్రైవరు భుజం తట్టి, "అన్నా, వెనక్కి తియ్యండి. దానికి తోవ ఇవ్వండి" అంది. తెలుగు మాట అతనికి అర్థమైందో, చేతి సైగ అర్థమైందో గానీ బండి వెనక్కి తీశాడు. మమ్మల్ని చూసి ఇంకో బండి కూడా జరిగింది. ఆ సందులోంచి పులి తల వంచుకొని, మమ్మల్ని లెక్కచేయకుండా దాటి వెదురు పొదల్లోకి వెళ్లిపోయింది.

కాసేపటికి అమ్మ నా చెయ్యి పట్టుకొని అంది: "ఇన్నేండ్ల సంది నా మనసుల అది ఇల్లంత ఉండె బిడ్డా. గింతే ఉన్నది."

తిరుగు ప్రయాణంలో గేటు దాటాక, ఊరి దగ్గర ముగ్గురు ఆడవాళ్లు తునికాకు మూటలు నెత్తిన పెట్టుకొని వస్తున్నారు. అమ్మ బండి ఆపించింది. మా దగ్గర మిగిలిన నీళ్ల సీసాలన్నీ వాళ్లకు ఇచ్చింది. ఈ యాభై ఏళ్లలో నేర్చుకున్న మరాఠీలో వాళ్లను అడిగింది: ఎంతమంది పోతున్నారు, ఎన్ని గంటలకు పోతున్నారు, వంగినప్పుడు వెనక చూసేవాళ్లు ఉన్నారా అని. అదేదో ఊరికే అడిగిన ప్రశ్న కాదు. ఆకు తెంపేటప్పుడు, ఇప్పపువ్వు ఏరేటప్పుడు వంగి కూర్చున్న మనిషి పులి కంటికి జంతువులాగే కనిపించవచ్చు. అందుకే గుంపుగా వెళ్లమని, చీకటితో వెళ్లవద్దని ఈ ప్రాంతంలో చెబుతుంటారు. ఐనా కడుపు కోసం తెల్లవారకముందే వెళ్లక తప్పనివారు ఉన్నారు. చంద్రపూర్ జిల్లాలో దాదాపు ప్రతి ఏడూ ఇలాంటి విషాదవార్త వింటూనే ఉన్నాం.

శ్రోతలారా! 2006 లెక్కల్లో దేశం మొత్తం మీద 1,411 పులులున్నాయని అంచనా వేశారు. 2022 నాటికి అది 3,682 అయింది. మహారాష్ట్రలోనే 444 ఉన్నాయన్నారు. ఇది సంతోషించదగిన విషయమే. కానీ పులులు పెరిగినంతగా అడవి పెరగలేదు. ఈడు వచ్చిన పులి సొంత చోటు వెతుక్కుంటూ పోతుంది. తాడోబా వైపు నుంచి నదులు దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి, అక్కడినుంచి 2012లో పులుల సంరక్షణ కేంద్రమైన కవ్వాల్ వైపు పోయే దారి అలాంటిదే. బతుకుతెరువు కోసం మనవాళ్లు అటునుంచి ఇటు వచ్చారు. చోటు కోసం పులులు ఇటునుంచి అటు పోతున్నాయి. ఆ తోవలో పత్తిచేలు, రోడ్లు, రైలుపట్టాలు ఉన్నాయి. పత్తి తీసేవాళ్లూ ఉన్నారు. పులికి తోవ ఇవ్వడం ఎంత అవసరమో, ఆ తోవ పక్కన బతికేవారి ప్రాణానికి భద్రత ఇవ్వడమూ అంతే అవసరం. ఒకటి మరచి ఇంకొకటి చేస్తే రెండూ నిలవవు.

మీరు కూడా పిల్లలతో వెళ్లిరండి. మట్టిరంగు నూలు బట్టలు వేసుకోండి, నీళ్లు ఎక్కువగా పట్టుకెళ్లండి, తలకు తువ్వాలు కట్టుకోండి. వేగంగా పోనిమ్మని డ్రైవరును తొందరపెట్టకండి. పులి కనిపించకపోతే డబ్బులు దండగయ్యాయని అనుకోకండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వారిని తప్పక వెంట తీసుకువెళ్లండి. వారికి తెలిసిన చెట్ల పేర్లు మనకు తెలియవు.

ఇంటికి వచ్చాక మా అమ్మ పెరట్లో జామచెట్టు కింద ఒక రాయి కడిగి, పసుపు కుంకుమ పెట్టింది. ఎవరికని పిల్లలు అడగలేదు. మేనకోడలు మాత్రం ఒక చెంబు నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.