ఒప్పుకున్నంత మాత్రాన నేరం రుజువైనట్టేనా?

(కార్యకర్తల న్యాయ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గరికి వచ్చే కేసుల్లో తరచుగా వినపడే మాట ఒకటుంది. "వాడు స్టేషన్లో ఒప్పుకున్నాడటండీ, ఇంకేం కావాలి?" అంటారు బాధితురాలి తరఫువాళ్లు. ఆడమనిషే ముద్దాయి అయిన కేసులో ఆమె తల్లి అదే మాట ఏడుస్తూ అంటుంది: "పిల్ల ఒప్పేసుకుందటమ్మా, ఇంకేం చేస్తాం?" మొదటివాళ్లు కేసు గెలిచేశామనుకుంటారు. ఆ తల్లి ఓడిపోయామనుకుంటుంది. ఇద్దరూ అనుకునేది తప్పే.

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని ముద్దాయికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదు. 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఈ మాట చెప్పింది. పోలీసు కస్టడీలో ఉండగా మరెవరి ముందు ఒప్పుకున్నా, అక్కడ మేజిస్ట్రేటు ఉంటే తప్ప చెల్లదని 26వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఈ రెండూ అందులో 23వ సెక్షన్ కింద ఉన్నాయి. నంబరు మారింది గాని సూత్రం మారలేదు. తెల్లదొరలు మనమీద ప్రేమతో పెట్టిన సెక్షన్ కాదిది. కొట్టి ఒప్పించడం తమ పోలీసులకు మామూలేనని వాళ్లకు బాగా తెలుసు, అంతే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ముద్దాయి చెప్పిన మాటవల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు మాట చెల్లుతుంది. దీని హద్దు గీసింది మన గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన కేసే. పులుకూరి కోటయ్య కేసని, 1947 నాటిదని లాయర్లు చెప్పుకుంటారు. తీర్పు చెప్పింది లండన్లోని ప్రివీ కౌన్సిల్. "కత్తి మా ఇంటి కప్పులో దాచాను, దానితోనే ఫలానా మనిషిని పొడిచాను" అని ఒకడు అన్నాడనుకోండి. కత్తి దాచిన సంగతి తనకు తెలుసన్నంతవరకే చెల్లుతుంది. 'పొడిచాను' అన్న ముక్క చెల్లదు. పంచనామా కాగితం చేతికొస్తే మీరు మొదట చూడాల్సింది ఇదే. ఒకే వాక్యంలో రెండూ కలిపి రాసేస్తుంటారు.

"దుర్మార్గుల హక్కుల గొడవ మనకెందుకు, మనది ఆడవాళ్ల పక్షం కదా" అని మనలో కొందరు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో లేడీస్ హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. 2008లో పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి పట్టుకుని, తనే చేశానని ఒప్పుకున్నాడని ప్రకటించారు. ఊరంతా కేసు తేలిపోయిందనుకుంది. చనిపోయిన అమ్మాయి తల్లి మాత్రం నమ్మలేదు, వీడు కాదు నా బిడ్డను చంపింది అని ఏళ్ల తరబడి చెబుతూనే వచ్చింది. 2010లో సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ ఎనిమిదేళ్లూ అసలు హంతకుడి కోసం వెతికినవాళ్లెవరు? దొంగ ఒప్పుకోలు వల్ల నష్టపోయింది అతనొక్కడే కాదు, ఆ తల్లి కూడా.

2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. నలుగురు ఒప్పుకున్నారని టీవీలు హోరెత్తించాయి. డిసెంబరు 6 తెల్లవారేసరికి నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పూలు చల్లినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. అదేరోజు హైకోర్టు తలుపు తట్టినవాళ్లలోనూ మహిళా కార్యకర్తలు ఉన్నారు. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని సిర్పూర్కర్ కమిషన్ 2022లో బయటికొచ్చిన నివేదికలో చెప్పింది. ఆ ఒప్పుకోలును ఏ కోర్టూ పరీక్షించలేదు. ఇక పరీక్షించే అవకాశమూ లేదు.

ఈ కాపుదలను ఎత్తేస్తే ఏమవుతుందో టాడాలో చూశాం. ఎస్పీ ముందు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుందని 1987 నాటి ఆ చట్టం 15వ సెక్షన్ చెప్పింది. రాజీవ్ గాంధీ హత్య కేసులో 1998లో కింది కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999లో సుప్రీంకోర్టు ఉరి ఖాయం చేసింది నలుగురికే. అందులో ఒక ముద్దాయి వాంగ్మూలం రాసుకున్న సీబీఐ అధికారి, ఆ మనిషి చెప్పిన కీలకమైన మాటొకటి తాను రాయకుండా వదిలేశానని 2013లో వెల్లడించాడు. ఆ ముద్దాయి అరెస్టయిన దాదాపు 31 ఏళ్లకు, 2022లో విడుదలయ్యాడు.

ఇక మేజిస్ట్రేటు ముందు ఇచ్చే నేరాంగీకారం. పాత 164, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 183వ సెక్షన్. నువ్వు చెప్పనక్కర్లేదు, చెబితే నీమీదే వాడతారు అని మేజిస్ట్రేటు ముందుగా చెప్పి తీరాలి. చెప్పనంటే తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు. స్వచ్ఛందంగా, నిజంగా చెప్పిందని కోర్టు నమ్మితే ఇది ఒక్కటే శిక్షకు ఆధారం కావచ్చు. తర్వాత వెనక్కి తీసుకుంటే మాత్రం ఇతర సాక్ష్యం తోడు లేకుండా శిక్ష వేయడం వివేకం కాదని సుప్రీంకోర్టు 1962లో ప్యారేలాల్ భార్గవ కేసులో చెప్పింది.

స్వచ్ఛందం అనే ఈ మాట దగ్గరే ఆడవాళ్లకు చిక్కొస్తుంది. లాఠీ అక్కర్లేదు. "ఒప్పుకుంటే నీ కొడుకును వదిలేస్తాం" అంటే చాలు, తల్లి ఏదైనా ఒప్పుకుంటుంది. అధికారంలో ఉన్నవాడు ఆశ చూపి, బెదిరించి చెప్పించినది చెల్లదన్న సెక్షన్ ఉంది (పాత 24, ఇప్పుడు 22). కాని ఆశ చూపిన సంగతి బయటపెట్టేదెవరు? అందుకే మొదటి రోజే ఆమెను కలిసి, ఎవరు ఏమన్నారో ఆమె మాటల్లోనే రాసుకోండి. స్త్రీ అయితే చాలు, ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హురాలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఆ రోజే పడాలి. మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడు దెబ్బల సంగతి, బెదిరింపుల సంగతి నోరు తెరిచి చెప్పమనండి.

చివరగా, మనవాళ్లు అసలు పట్టించుకోనిది ఒకటుంది. విచారణ మొదలయ్యాక కోర్టులో "నేరం ఒప్పుకుంటున్నాను" అంటే సాక్ష్యం ఒక్కటీ లేకుండానే శిక్ష వేయవచ్చు. వ్యభిచార నిరోధక చట్టం కింద పట్టుకొచ్చిన ఆడవాళ్లకు ఈ సలహా ఉచితంగా దొరుకుతుంది: "ఒప్పేసుకో, జరిమానా కట్టి సాయంత్రానికి ఇంటికి పోదువు." 8వ సెక్షన్ కింద మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా అయిదు వందల జరిమానా. రెండోసారి ఏడాది వరకు జైలు. అంటే మొదటిసారి ఒప్పుకున్నది రెండోసారికి మెట్టు అవుతుంది. పైగా 10-ఎ సెక్షన్ ఉంది. నేరం రుజువైన స్త్రీని జైలుకు బదులు రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా సంస్కరణ గృహంలో ఉంచవచ్చు. సాయంత్రానికి ఇంటికి పోవచ్చని ఒప్పుకున్న మనిషికి ఈ సెక్షన్ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. కోర్టు వరండాలో ఆమె పేరు పిలవకముందే మీరు చెప్పాలి.