చెట్టును ఏ ఖాతాలో రాస్తారు?

(రోడ్డుకు భూమి కోల్పోతున్న రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మొన్న సర్వేకు వచ్చినవాళ్లు మన గట్ల మీది చెట్లు లెక్క రాసుకుపోయారు. మామిడి ఇన్ని, టేకు ఇన్ని అని రాశారు. జమ్మి కాడికి వచ్చేసరికి 'ముళ్ల చెట్టు, విలువ లేదు' అన్నారు. 2014లో మన రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది ఆ ముళ్ల చెట్టునే! దసరా నాడు దాని ఆకునే బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. దేవుడి సంగతి పక్కన పెట్టినా, జమ్మి వేరు లోతుకు పోతుంది, పైరుతో నీళ్లకు పోటీ పడదు. నేలకు నత్రజని ఇస్తుంది. ఆకూ కాయా మేకలకు మేత.

వేప సంగతి వేరు. మనలో చాలామందిమి తల్లిదండ్రులను చెల్కలోనే పూడ్చిపెట్టుకున్నాం, తలాపున వేప మొక్క నాటుకున్నాం. పగటి బువ్వ ఆ నీడకే, కొబ్బరికాయ కొట్టేదీ అక్కడే. ఆ మధ్య తెగులు తగిలి వేపలు కొమ్మల చివర నుంచి ఎండుకుంటూ వస్తే, ఇంట్ల మనిషి మంచం పట్టినట్టు దిగులుపడ్డాం. మళ్లీ చిగురేసినంక గానీ మనసు కుదుటపడలేదు. ఇప్పుడు దాని మొద్దుకు టేపు చుట్టి కలప ఎంతొస్తదని అడుగుతున్నారు.

'సంఘం మద్దతు ధరకు కొట్లాడాలి గానీ ఈ సెంటిమెంట్లెందుకు' అని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. తమ్మీ, ఇది పైసల లెక్క కూడా. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ చెట్లకు విలువ కట్టాలంటుంది, అందుకు వ్యవసాయం, అటవీ, ఉద్యాన రంగాల్లో అనుభవమున్నవారిని పిలవొచ్చంటుంది. 30వ సెక్షన్ కింద పరిహారం మీద 100 శాతం సొలేషియం. లెక్కలో ఎక్కని చెట్టుకు రెండూ పోతాయి. గుళ్లు, శ్మశానాల మీద పడే ప్రభావమూ చూడాలని 4వ సెక్షన్‌లో ఉంది గానీ, మన రాష్ట్రం 2017 సవరణతో చాలా ప్రాజెక్టులకు ఆ అంచనానే తప్పించుకునే వీలు పెట్టుకుంది.

ఇక పోచమ్మ వేప. అది ఎవరి పట్టాలోనూ లేదు, బోనం మాత్రం ఊరంతా ఎత్తుతుంది. దానికి మేం పైసలు అడగం, రోడ్డునే జరపమంటున్నాం. చేవెళ్ల దారి మర్రిచెట్ల కోసం జనం హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు, మనం కలెక్టరు దాకా పోలేమా?

రేపు పొద్దున ఏడు గంటలకు పోచమ్మ కాడ కలుద్దాం. పాసుపుస్తకం నకలు, ఫోటో తీసే ఫోను తెచ్చుకోండి. కౌలుదార్లూ రావాలి. గట్టు గట్టు తిరిగి మన జాబితా మనమే రాద్దాం.