జ్వరం రాని ఇన్ఫెక్షన్

ఎముకల వైద్యంలో ఎం.ఎస్. పట్టా పుచ్చుకుంటున్న మీకు అభినందనలు. జీవితం గురించి చెప్పడానికి మీ ఇళ్లలో పెద్దవాళ్లున్నారు. నేను భుజం గురించి చెబుతాను.

1893లో పారిస్‌లో పియాన్ అనే సర్జన్ దగ్గరికి 37 ఏళ్ల బేకరీ పనివాడొకడు వచ్చాడు. భుజం కీలును క్షయ తినేసింది. చెయ్యి తీసేస్తామంటే ఒప్పుకోలేదు. పియాన్ ఒక దంతవైద్యుడి చేత ప్లాటినంతో, గట్టిపరచిన రబ్బరుతో కీలు చేయించి అమర్చాడు. తొలి కృత్రిమ భుజం అదేనంటారు. సుమారు రెండేళ్లకు ఇన్ఫెక్షన్ తిరగబెట్టి దాన్ని తీసెయ్యాల్సి వచ్చింది.

ఆ క్షయ మన ఊళ్లలో ఇంకా ఉంది. భుజంలో చాలాసార్లు పొడిగానే వస్తుంది. చీమూ వాపూ కనిపించవు, కండ కరుగుతుంది, చెయ్యి లేవదు. షుగర్ కూడా ఉంటే ఫ్రోజెన్ షోల్డర్ అనేసి స్టెరాయిడ్ సూది వేసేస్తారు. ఎక్స్‌రే చూడకుండా ఆ సూది ముట్టుకోకండి.

స్టెఫైలోకాకస్ పట్టిన భుజం తనంతట తానే గోల పెడుతుంది. నీరు తీసి పరీక్షకు పంపి, ఆలస్యం చెయ్యకుండా ఆర్థ్రోస్కోపీతో కడిగేస్తాం. నా భయమంతా గోల పెట్టని క్యూటిబ్యాక్టీరియం ఆక్నిస్‌తోనే. చర్మంలో నూనె గ్రంథుల అడుగున దాని కాపురం. పైన క్లోర్‌హెక్సిడిన్ ఎంత పూసినా అక్కడిదాకా అందదు. అందుకే మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్‌ను ఆపరేషన్‌కు ముందు భుజానికి రాయిస్తున్నారు.

ఇది పట్టిన పేషెంట్లు కీలు మార్చిన ఏడాదికో రెండేళ్లకో "నొప్పి తగ్గట్లేదు డాక్టరు గారూ" అంటూ వస్తారు. జ్వరం ఉండదు, సీఆర్‌పీ మామూలే, కుట్లు చక్కగా మానాయి. "రిపోర్టులు బాగానే ఉన్నాయి కదమ్మా" అని ఫిజియోథెరపీకి పంపడం తేలిక. పంపకండి. అనుమానం వస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే కీలు లోపల వేర్వేరు చోట్ల నుంచి అయిదు ముక్కలు తియ్యండి, ఒక్కోదానికి వేరే పరికరంతో. కల్చర్ 14 రోజులు ఉంచమని ల్యాబ్‌కు ఫోన్ చెయ్యండి. అయిదో రోజున పారేస్తే ఆక్నిస్ దొరక్కపోవచ్చు. ఆ ఫోన్ జూనియర్‌కు వదలకండి. నిన్నటిదాకా ఆ జూనియర్ మీరే!

ఇన్ఫెక్షన్ అని తేలాక కీలు తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు స్పేసర్ పెట్టి, కొన్ని వారాలకో నెలలకో కొత్తది వెయ్యడం ఒక పద్ధతి. ఒకే ఆపరేషన్‌లో మార్చెయ్యడం ఇంకొకటి. ఏది మేలో మాలో మాకే ఇంకా కుదరలేదు. పేషెంటుకు మాత్రం సంతకం పెట్టించకముందే చెప్పండి: ఖర్చెంతో, బరువుపని ఎన్ని నెలలు కుదరదో, ఇంత చేసినా చెయ్యి తల దువ్వుకునేంత ఎత్తుకు లేవకపోవచ్చనీ.