ఆంగ్లభాషలో భావార్థకము



ఆంగ్లమున ఒక క్రియ వెంట మఱియొక క్రియ వచ్చునపుడు రెండవదాని రూప మేది యను సందేహము విద్యార్థులకు తఱచు కలుగును. తెలుగు వ్యాకరణము చదివినవారి కిది క్రొత్త కాదు. ‘చదువ నేర్చెను’ అనుచోట ‘చదువ’ తుమర్థకము; ‘చదువుట మానెను’ అనుచోట ‘చదువుట’ భావార్థకము. సంస్కృతమున పఠితుమ్, పఠనమ్ అను భేదమును ఇట్టిదే. ఆంగ్లమున మొదటిది ‘టు రీడ్’, రెండవది ‘రీడింగ్’. ఈ రెండవదానికే జెరండు అని పేరు.

ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్ అను క్రియల పిదప జెరండే రావలెను. వాంట్, హోప్, డిసైడ్ అనువాని పిదప ‘టు’తోడి రూపము రావలెను. కావున ‘ఎంజాయ్ రీడింగ్’ సాధువు. ‘ఎంజాయ్ టు రీడ్’ దోషము.

కొన్ని క్రియలకు రెండును చెల్లును గాని అర్థము మాఱును. ‘హి స్టాప్డ్ రీడింగ్’ అనగా చదువుట మానెను. ‘హి స్టాప్డ్ టు రీడ్’ అనగా చదువుటకై ఆగెను. ఇంటిపన్ను విషయమున ‘హి ఫర్గాట్ పేయింగ్’ అన్నచో చెల్లించిన సంగతి మఱచెనని యర్థము. ‘హి ఫర్గాట్ టు పే’ అన్నచో చెల్లించుటయే మఱచెనని యర్థము. అర్జీలో ఈ యొక్క రూపము తప్పినచో పన్ను చెల్లించినవాడు బాకీదారుడగును!

జరిగిన పనికి జెరండు, జరుగవలసినదానికి ‘టు’ అను గుర్తు కొంతవఱకు పనికివచ్చును. కాని ‘అవాయిడ్’ జరుగని పనిని చెప్పుచును జెరండునే కోరును. కావున ప్రయోగమే ప్రమాణము. క్రియను ఒంటిగా వల్లెవేయక, వాక్యముతో కూడ నేర్వవలెను. అట్టి వాక్యములు గ్రంథాలయపు బీరువాలలో కొల్లలుగా నున్నవి. బాలబాలికలు వానిని తెఱచి చదువుదురుగాక!